మనసులో మాట మింగవద్దు

పొద్దున ఆరు గంటలు. హైదరాబాదులో మాదాపూరు రోడ్డు. ఆఫీసు బస్సులు ఇంకా రాలేదు. అప్పటికే ఆడవాళ్లు గుంపులు గుంపులుగా నడిచి వస్తున్నారు. మెడలో గుర్తింపు కార్డు ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది. వీళ్లు అద్దాల మేడల్లో ఊడ్చి, తుడిచి, చాయ్ పోసే పని చేస్తారు. కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్లు వచ్చేసరికి బల్లలన్నీ మెరవాలి.

ఒకప్పుడు ఇక్కడ బండలు, గుట్టలు ఉండేవి. 1998లో సైబర్ టవర్స్ అనే మేడను ప్రారంభించారు. హైటెక్ సిటీ అక్కడి నుంచే పెరిగింది. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం, అన్నీ మేడలయ్యాయి. ఆ మేడలు కట్టడానికి, వాటిని శుభ్రం చేయడానికి పల్లెల నుంచి ఎంతోమంది వచ్చారు.

అక్కలారా, అట్లా వచ్చిన ఒక తల్లి కథ ఇక్కడ అనుకుందాం. ఆమెకు పేరు పెట్టనక్కర లేదు. బోరబండలోనో, హఫీజ్‌పేటలోనో, మీ పక్కింట్లోనో ఆమె ఉండవచ్చు. ఆమె మీరే కావచ్చు.

ఆమెది పాలమూరు వైపు పల్లె. పొలం ఎండిపోతే పట్నం వచ్చింది. పదేళ్లుగా ఒక ఆఫీసులో తుడిచే పని చేస్తోంది. రోజూ ఆ కుర్చీలు తుడుస్తూ ఒకటే అనుకుంటుంది.

"నా కొడుకు ఒకనాడు ఈ కుర్చీల కూసోవాలె."

కొడుకు పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగులో చదివాడు. మంచి మార్కులు వచ్చాయి. ఆమె చీటీ పాడింది. చాలకపోతే చెవుల కమ్మలు కుదువ పెట్టింది. పేరున్న కాలేజీ హాస్టల్లో ఇంటర్‌లో చేర్పించింది. ఆదివారం ఆదివారం ఫోను చేస్తుంది.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న."

"మంచిగ చదువుతున్నవా?"

"ఆ."

"పరీక్షల ఎన్ని మార్కులొచ్చినయి?"

కొడుకు కొంచెం సేపు మాట్లాడడు. తర్వాత "ఇంకా ఇయ్యలే" అంటాడు.

"ఏమైంది? గొంతు అట్లున్నది?"

"ఏం లేదమ్మా."

ఫోను పెట్టేస్తాడు. తల్లి కూడా "ఏం లేదంట" అనుకుని పనిలో పడిపోతుంది.

"ఏం లేదు" అంటే ఏమిటి?

"ఏం లేదు" అనేది చిన్న మాట. కానీ దాని వెనక చాలా ఉండవచ్చు.

ఆ పిల్లవాడికి పాఠాలన్నీ ఇంగ్లీషులో చెబుతున్నారు. సగం అర్థం కావడం లేదు. అడిగితే అందరూ నవ్వుతారని భయం. వారం వారం పరీక్ష పెడతారు. మార్కులు గోడకు అంటిస్తారు. మార్కులు తగ్గాయని అతన్ని వేరే సెక్షన్‌కు మార్చారు. పాత దోస్తులు పలకరించడం తగ్గించారు. రాత్రి నిద్ర పట్టదు. తెల్లవారకముందే గంట కొడతారు. ఇన్నిటి మీద ఇంకొక బరువు ఉంది. అది అమ్మ చెవుల కమ్మలు.

"నేను ఫెయిలయితే అమ్మ అప్పు ఎట్ల తీరుస్తది?"

ఈ ప్రశ్న అతను ఎవరినీ అడగలేదు. మింగేశాడు. అమ్మకు బాధ కలగకూడదని మింగేశాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు, ఉండబట్టే "ఏం లేదు" అన్నాడు.

మూత మీద బండ పెడతామా?

పొయ్యి మీద ఎసరు పొంగుతుంటే మనం ఏం చేస్తాం? మూత పక్కకు జరుపుతాం. ఆవిరి పోతుంది. ఎసరు అణుగుతుంది. పొంగుతోంది కదా అని మూత మీద బండ పెట్టం. పెడితే ఏమవుతుందో ప్రతి ఆడమనిషికీ తెలుసు.

మనసు కూడా అంతే. భయం, సిగ్గు, కోపం, దిగులు అందరికీ వస్తాయి. అవి రావడం తప్పు కాదు, రోగం కూడా కాదు. వాటిని బయటికి పోనివ్వకుండా అదిమి పెడితేనే కష్టం. అప్పుడు ఒళ్లు చెబుతుంది. తల నొప్పి, కడుపు నొప్పి వస్తాయి. తిండి పోదు. నిద్ర రాదు. ఊరికే కోపం వస్తుంది. పుస్తకం ముందు కూర్చుంటాడు కానీ ఒక్క ముక్క ఎక్కదు.

చెప్పుకుంటే ఏమవుతుంది? కష్టం వెంటనే పోదు. కానీ మూడు మేళ్లు జరుగుతాయి. ఒకటి, గుండె బరువు కొంత దిగుతుంది. రెండు, భయానికి ఒక పేరు దొరుకుతుంది. "అంతా పాడైపోయింది" అనుకున్నవాడు "నాకు లెక్కల్లో రెండు పాఠాలు రావడం లేదు" అని చెప్పగలుగుతాడు. మొదటిదానికి మందు లేదు. రెండోదానికి ఉంది. మూడు, తను ఒంటరివాడిని కానని తెలుస్తుంది.

2019లో ఏం జరిగింది?

ఇది కథ కాదు. నిజంగా జరిగింది.

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మొదటి ఏడు, రెండో ఏడు కలిపి 9 లక్షల మందికి పైగా పరీక్షలు రాశారు. 3 లక్షల మందికి పైగా తప్పారు. ఫలితాల్లో తప్పులు ఉన్నాయని ఎన్నో ఫిర్యాదులు వచ్చాయి. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగు పరీక్షలో 0 అని వచ్చింది. మళ్లీ చూస్తే ఆమెకు రావలసినవి 99.

తల్లిదండ్రులు హైదరాబాదులో ఇంటర్ బోర్డు ముందుకు వచ్చి నిలదీశారు. ప్రభుత్వం ముగ్గురు సభ్యుల కమిటీ వేసింది. తప్పినవాళ్లందరి పేపర్లూ ఫీజు లేకుండా మళ్లీ చూడాలని ఆదేశించింది. అట్లా చూస్తే వెయ్యి మందికి పైగా పిల్లలు పాసయ్యారు.

కానీ ఆ లోపలే 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

పిల్లలు ప్రాణం తీసుకోవడానికి కారణం ఎప్పుడూ ఒక్కటే ఉండదు. ఒక్క మార్కుల వల్లే అని అనడం సరి కాదు. చాలా రోజులుగా లోపల చేరిన బాధలు ఎన్నో ఉంటాయి. అయినా ఒక్క సంగతి ఆలోచించాలి. కాగితం మీద అంకె తప్పు కావచ్చు. తప్పయితే దిద్దవచ్చు. తప్పు కాకపోయినా, మళ్లీ పరీక్ష రాయవచ్చు. పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాదు.

ఇది ఒక్క ఏడాది సంగతి కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2001లోనే కార్పొరేట్ కాలేజీల్లో పిల్లల చావుల మీద ప్రొఫెసర్ నీరదా రెడ్డి కమిటీ వేశారు. ఇది ఒక్క తెలుగు నేల సంగతి కూడా కాదు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. సగటున రోజుకు 35 మందికి పైగా.

ఇంటర్‌లో పాసు కావడానికి నూటికి 35 మార్కులు కావాలి. ఆ అంకే ఇక్కడ రోజుకు ఇంతమంది పిల్లలయింది.

పిల్లలు ఎందుకు చెప్పరు?

చెప్పకపోవడానికి కొంత కారణం పెద్దవాళ్లే.

మగపిల్లవాడు కళ్ల నీళ్లు పెట్టుకుంటే "మొగపోరడివి, ఏడుస్తవా?" అంటాం. ఆడపిల్ల కోపంగా మాట్లాడితే "ఆడపిల్లకు అంత నోరా?" అంటాం. మగవాడికి ఏడుపు లేదు. ఆడపిల్లకు కోపం లేదు. ఇక మిగిలింది "ఏం లేదు" ఒక్కటే.

పక్కింటి పిల్లతో పోలుస్తాం. "నీ కోసం ఎంత కష్టపడుతున్ననో తెలుసా?" అని రోజూ గుర్తు చేస్తాం. మనం ప్రేమతోనే అంటాం. పిల్లకు మాత్రం అది అప్పు పత్రంలాగా వినిపిస్తుంది.

మనసు బాగా లేదని డాక్టరు దగ్గరికి పోతే నలుగురూ నవ్వుతారని ఇంకొక భయం. హైదరాబాదులో "ఎర్రగడ్డకు పంపాలె" అని ఎగతాళి చేస్తారు. ఎర్రగడ్డలో ఉన్నది సర్కారు మానసిక వైద్యశాల. జ్వరం వస్తే ఆస్పత్రికి పోవడం ఎంత మామూలో, మనసు నలిగితే అక్కడికి పోవడం కూడా అంతే మామూలు. అది నవ్వవలసిన విషయం కాదు.

మీకు ఆ భయం తెలుసు

అక్కలారా, మీరు చదువు నేర్చుకునే కేంద్రానికి మొదటి రోజు వచ్చినప్పుడు ఎట్లా ఉందో గుర్తు తెచ్చుకోండి. పలక పట్టుకుంటే చేయి వణికింది. "ఈ వయసులో నీకేం చదువు?" అని ఎవరో నవ్వారు. "అ" రాస్తే వంకరగా వచ్చింది. చెరిపారు. మళ్లీ రాశారు. పక్కన కూర్చున్న అక్క "నాకు కూడా రాలేదు" అన్నది. ఆ మాటతో ధైర్యం వచ్చింది.

"నాకు రాలేదు" అని చెప్పుకున్న చోటే చదువు మొదలైంది. పిల్లలకు కావలసింది కూడా అటువంటి చోటే. తప్పు చేస్తే చెరిపి మళ్లీ రాసుకోవచ్చని వాళ్లకు చెప్పగలిగేవాళ్లు మీకంటే ఎవరున్నారు?

ఎట్లా అడగాలి?

ఆ తల్లి సంగతికి వద్దాం. ఒక ఆదివారం ఆమె ఫోను చేయలేదు. హాస్టలుకే పోయింది. వార్డెను గదిలో, పదిమంది ముందు ఏ పిల్లవాడూ మనసు విప్పడు. అందుకని కొడుకును బయటికి తీసుకుపోయి చెట్టు కింద కూర్చుంది. డబ్బా తెరిచి అన్నం పెట్టింది. మార్కుల మాట ఎత్తలేదు.

"రాత్రి నిద్ర పడుతున్నదా బిడ్డా?"

కొడుకు తల దించుకున్నాడు. ఆమె తొందర పెట్టలేదు. ఊరికే కూర్చుంది.

"పడుతలేదు" అన్నాడు చాలాసేపటికి.

"నేను పట్నం వచ్చిన కొత్తల నాకు కూడ పట్టలే. ఆ ఆఫీసుల లిఫ్టు ఎక్కాలంటే భయం. ఎవరికి చెప్పుకోవాల్నో తెల్వలే. నీకేమైతున్నదో చెప్పు. నేను కోపం చెయ్య."

అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. ఇంగ్లీషు, సెక్షను, గోడ మీది మార్కులు. చివరికి చెవుల కమ్మల మాట కూడా చెప్పి ఏడ్చాడు. "ఏడవకు" అనబోయి ఆమె ఆగింది. వీపు మీద చెయ్యి వేసింది.

"కమ్మలు నా అప్పు. నీది కాదు. అది నేను తీర్చుకుంట."

తర్వాత ఇద్దరూ కలిసి పాఠం చెప్పే సారును అడిగారు. పెద్దమాటలు అనలేదు. "మావాడు తెలుగులో చదివిండు సారూ, మొదట్ల కొంచెం తెలుగుల చెప్పుండ్రి" అన్నారు. సారు సాయంత్రం ఒక అరగంట ఇస్తానన్నాడు. సమస్య అంతా తీరలేదు. కానీ దారి కనబడింది.

ఈ తల్లి చేసినవి చిన్న పనులే. మొదట నిద్ర గురించి, తిండి గురించి అడిగింది. తన భయం తను చెప్పింది. మధ్యలో అడ్డం పోలేదు. ఏడుస్తుంటే ఏడవనిచ్చింది. అన్నీ విన్న తర్వాతే ఏం చేయాలో ఆలోచించింది. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. సగం వినకముందే సలహా చెబుతారు. పిల్లలు మళ్లీ మూత వేసుకుంటారు.

మీకు వచ్చిన అక్షరం ఇక్కడ కూడా పనికి వస్తుంది. నోటితో చెప్పలేనిది ఒక్కోసారి కాగితం మీద చెప్పవచ్చు. పచ్చడి డబ్బాతో పాటు చిన్న చీటీ పెట్టండి. "నీ మార్కులు ఎన్నయినా నువ్వు నా బిడ్డవే" అని రాయండి. ఒత్తు తప్పు పోయినా పరవాలేదు. అమ్మ చేతి రాత బిడ్డ దాచుకుంటాడు. మీకూ ఒక చీటీ రాయమని అడగండి.

ఇవి ప్రమాద గుర్తులు

కొన్ని గుర్తులు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు.

"నేను లేకుంటే మీకు బాగుంటది" వంటి మాటలు. తనకు ఇష్టమైన వస్తువులు ఇతరులకు ఇచ్చేయడం. ఎవరితోనూ కలవకపోవడం. చాలా రోజులు తిండి, నిద్ర లేకపోవడం. తన ఒంటికి తానే దెబ్బ చేసుకోవడం. ఎంతో దిగులుగా ఉన్నవాడు కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా మారడం.

అప్పుడు నేరుగా అడగండి. "చచ్చిపోవాలని అనిపిస్తున్నదా బిడ్డా?" అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగితే పిల్లలకు ఊరట కలుగుతుందని వైద్యులు చెబుతున్నారు. అవును అంటే తిట్టకండి, ఒట్టు వేయించుకుని వదిలేయకండి. ఒంటరిగా విడిచిపెట్టకండి. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోండి.

14416 నంబరు గుర్తుంచుకోండి. దీని పేరు టెలీ మానస్. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పని చేస్తుంది. డబ్బులు పడవు. తెలుగులో మాట్లాడతారు. పిల్లలు చేయవచ్చు. తల్లులు కూడా చేయవచ్చు. మీ మనసు బాగా లేకపోయినా చేయవచ్చు.

పోలీసు కేసు అవుతుందని కొందరు దాచిపెడతారు. ఆ భయం వద్దు. 2017లో చేసిన మానసిక ఆరోగ్య చట్టం 2018 మే నుంచి అమలులో ఉంది. ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు ఆ చట్టం చూస్తుంది. శిక్ష కాదు, వైద్యం, ఆదరణ ఇవ్వాలంటుంది.

కాలేజీని అడగండి

విశాఖపట్నంలో 2023లో, హాస్టల్లో ఉండి మెడికల్ పరీక్షకు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. ఆమె తండ్రి సుప్రీంకోర్టు దాకా పోయాడు. 2025 జూలై 25న కోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసును సి.బి.ఐ.కి ఇచ్చింది. దేశంలోని అన్ని కాలేజీలకూ, కోచింగ్ సెంటర్లకూ, హాస్టళ్లకూ కొన్ని నియమాలు పెట్టింది.

100 మంది, అంతకంటే ఎక్కువ మంది పిల్లలుంటే అక్కడ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. కౌన్సెలర్ అంటే పిల్లల మనసులోని మాట విని సాయం చేసే మనిషి. పిల్లలను మార్కులను బట్టి విడదీయకూడదు. పదిమందిలో అవమానం చేయకూడదు. చెప్పే సార్లకు, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ వంటి సాయం నంబర్లు హాస్టల్లో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనబడాలి.

ఈసారి కాలేజీకి పోయినప్పుడు గోడల వైపు చూడండి. 14416 రాసి ఉందా? ఇప్పుడు మీకు చదవడం వచ్చు. లేకపోతే "ఎందుకు రాయలేదు?" అని అడగండి. నలుగురు తల్లులు కలిసి అడిగితే ఇంకా మంచిది.

ఫెయిలయితే?

ఒకటి రెండు నెలల్లోనే సప్లిమెంటరీ పరీక్ష పెడతారు. మార్కుల్లో అనుమానం ఉంటే పేపరు మళ్లీ చూడమని అడగవచ్చు. ఓపెన్ స్కూలులో ఇంటర్ చదవవచ్చు. పదో తరగతి మీద ఐటిఐ ఉంది, పాలిటెక్నిక్ ఉంది. అద్దాల మేడలోకి పోవడానికి ఒక్కటే తలుపు లేదు. ఆ మేడలోకి పోకపోయినా బతుకు ఆగదు. ఈ మాట ఫలితాలు వచ్చిన రోజు కాదు, రాకముందే పిల్లలకు చెప్పాలి.

ఆ తల్లి ఇప్పుడూ ఆదివారం ఫోను చేస్తుంది. మొన్న ఇట్లా అడిగింది.

"ఎట్లున్నవు బిడ్డా?"

"ఈ వారం మంచిగ లేదమ్మా. లెక్కలు మళ్ల తప్పిన."

ఆమెకు దిగులు వేసింది. అయినా గుండె కుదుట పడింది. బిడ్డ "ఏం లేదు" అనలేదు.

"చెప్పు బిడ్డా, వింటున్న" అంటూ ఆమె చీపురు పక్కన పెట్టి కూర్చుంది.

గుర్తుంచుకోండి

1. భయం, దిగులు, కోపం రావడం తప్పు కాదు. చెప్పుకోవడం చేతకానితనం కాదు.
2. మొదట నిద్ర, తిండి అడగండి. మార్కులు తర్వాత.
3. అడ్డం పోకుండా వినండి. ఏడుస్తుంటే ఏడవనివ్వండి.
4. అప్పుల బరువు పిల్లల నెత్తిన పెట్టకండి.
5. ప్రమాద గుర్తులు కనబడితే ఒంటరిగా వదలకండి. 14416కు ఫోను చేయండి.

మీ కేంద్రంలో మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో పిల్లలు "ఏం లేదు" అని ఎప్పుడు అంటారు?
2. మీ చిన్నప్పుడు ఎవరికీ చెప్పుకోలేని మాట ఏమిటి? ఎవరు అడిగితే చెప్పేవారు?
3. మీ బిడ్డకు రెండు వాక్యాల చీటీ రాయండి. అందులో మార్కుల మాట ఉండకూడదు.